తల తిప్పకమ్మా

గూడూరులో బస్సు దిగి సైదాపురం ఆటో ఎక్కితే
ఊరు రాకముందే మొదలవుతుంది మెరుపు.
బాట మీద, తుమ్మచెట్ల మీద,
ఆరేసిన లుంగీ మీద, పడుకున్న కుక్క వీపు మీద.
అభ్రకం.
మా అమ్మమ్మ మాటలో కాకిబంగారం.

ఇరవై ఏళ్ళు నెల్లూరులో సైన్‌బోర్డులు రాశాను.
పోయినవాళ్ళని పాస్‌పోర్టు ఫోటో నుంచి
గళ్ళు గీసి, గడికి గడి, గోడంత పెంచాను.
ఫోటో కదలదు. ఫోటోకి చెమట పట్టదు.
ఫోటో "అయిందా?" అని అడగదు.
ప్రాణమున్న ముఖం ముందు కూర్చోవడం
నలభై ఆరో ఏట నేర్చుకుంటున్నాను.

షెడ్డు అరుగు మీద చెంగమ్మ.
చిన్ననాటి నుంచి రాతిని రేకులుగా విప్పుతున్న మనిషి.
"నన్ను గీస్తే నీకేమొస్తది అబ్బయా?"
తెలీదన్నాను.
"మరి నాకు?"
పూట కూలి అన్నాను.
"ఊరికే కూకున్నా కూలేనా!"
నవ్వి, పమిట సర్దుకుంది.

ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు.
ఒళ్ళో చేతులు వాటంతటవే
లేని రాయిని చీలుస్తూనే ఉన్నాయి.
బొటనవేలు అంచు వెతుకుతుంది, గోరు దూరుతుంది,
ఒక పొర, దాని కింద ఇంకో పొర.
చేతుల జోలికి పోలేదు నేను.
ముఖం చాలనుకున్నాను.

పొద్దున చెంప మీదున్న నీడ
పదకొండుకల్లా దవడ కిందికి జారిపోతుంది.
నలుపు అనుకుని కలిపితే అది నలుపు కాదు,
కావి, కొంచెం నీలం,
చెవి దగ్గర ఎక్కడిదో ఆకుపచ్చ.
ఆ పైన మెరుపు.
తెల్లరంగు పెడితే చెమటైంది,
వెండిరంగు పెడితే నాటకం వేషమైంది.
చివరికి ఏమీ పెట్టకుండా
చుట్టూ ఉన్నదాన్ని మసక చేస్తే
కొద్దిగా, చాలా కొద్దిగా, పలికింది.

ఒకటే గొడవ.
ఉన్నట్టుండి తల ఎడమకి తిప్పేది.
ముక్కు గీత తప్పేది, చెవి దాక్కునేది.
తల తిప్పకమ్మా, అనేవాణ్ణి.
సరే అని సర్దుకునేది.
బ్రష్ రెండుసార్లు ముంచేలోపు మళ్ళీ అంతే.
ఒకసారి కసిరాను కూడా.
గమ్మునైపోయింది.

నాలుగో రోజు సాయంత్రం చివరి పని,
కంటిపాపల్లో వెలుగు చుక్కలు.
ఆవగింజలో సగం తెలుపు.
అది పడేదాకా బొమ్మ బొమ్మే,
పడ్డాక ఊపిరి తీసుకుంటుంది.
కుడి కంట్లో ఒకటి. ఎడమ కంట్లో ఒకటి.
బ్రష్ కడుక్కుంటూ చూడమన్నాను,
కాస్త గర్వంగానే.

లేచి వచ్చి, తల ఎడమకి తిప్పి,
చాలాసేపు చూసింది.
"బాగుండాది. ఆ కన్ను మాత్రం నాది కాదు."
ఏ కన్ను?
"ఈ పక్కది. పెళ్ళికి ముందే
రేకు గుచ్చుకుని పోయింది గదా. చెప్పలా నీకు?"

చెప్పలేదు.
నాలుగు రోజులు మూడడుగుల దూరంలో
చూడటమే పనిగా కూర్చున్నవాడికి
చెప్పాల్సి ఉంటుందని అనుకోలేదు పాపం.
నన్ను చూడటానికే తల తిప్పింది.
నేను వద్దన్నాను,
నూరుసార్లన్నా వద్దన్నాను.

ఆమె కత్తే అడిగి తీసుకుని
ఎడమ కంట్లో తడి చుక్క గీకాను.
"మెల్లిగా," అంది పక్కన నిలబడి,
"లోపలి పొర చిరిగేను."

కూలి ఇచ్చాను.
అంటుకుపోయిన కొత్త నోట్లు రెండు
గోటితో విడదీసి,
ఇంకా ఏమైనా విడుతుందేమోనని ఒకసారి తడిమి
కొంగున కట్టుకుంది.

మర్నాడు కొత్త కాగితం.
"ఎట్టా కూకోమంటావు?"
నీకు కనపడేట్టు కూర్చో, అన్నాను.
తల తిప్పింది.
నేను చేతుల దగ్గర మొదలుపెట్టాను.