నేను చచ్చిపోయిన మంగళవారం

పోర్త్‌మడోగ్ రేవు మీద సన్నటి వాన.
లాయరు నెరిస్, నాకంటే నలభై ఏళ్ళు చిన్నది,
వీలునామా మీద వేలుంచి, గొంతు తగ్గించి చెప్పింది:
"విడాకులు ఖాయమైన రోజునే
మీరు చనిపోయినట్టు లెక్క, ఎలినెడ్ గారూ.
ఈ కాగితం వరకే."

ఈ కాగితం వరకే!
ఎంత మర్యాదగా పాతిపెట్టారో.

ఆ రోజు గుర్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందట, మార్చిలో, మంగళవారం.
చేపల బండి దగ్గర గీచి గీచి బేరమాడాను.
ఊడిన బూటు మడమ అతికించుకున్నాను.
ఒక్క మనిషికి ఎన్ని బంగాళాదుంపలో తెలియక
అలవాటుకొద్దీ నాలుగు తొక్క తీశాను.
చచ్చినదానికి ఆకలి బాగానే వేసింది.

గ్విలిమ్ అది రాసింది మా పెళ్ళైన ఏడాది.
ఇల్లు, పడవల షెడ్డు, అన్నీ "నా భార్య ఎలినెడ్‌కి".
తర్వాత మార్చలేదు. బద్ధకమా,
మరుపా, లేక...
ఆ "లేక" దగ్గర నాకు రెండు రాత్రులు తెల్లారాయి.
చట్టానికి దానితో పని లేదు.
నా పేరును గుమ్మంలా దాటుకుని
కింది వరసలో అక్క కొడుకు దగ్గర ఆగింది.
ఇవాన్. కార్డిఫ్‌లో పళ్ళ డాక్టరు.
పడవను చూస్తేనే కడుపులో తిప్పుతుందతనికి.

ఇల్లు వద్దు, షెడ్డూ వద్దు.
కానీ జాబితాలో పదకొండో వరుస:
"నిలువు గడియారం ఒకటి, నడుస్తోంది."
అది మా అమ్మమ్మది. నాది.
ఆనాడు బండిలో పట్టక వదిలొచ్చాను.

"రుజువేమైనా ఉందా?" అంది నెరిస్.

వెళ్ళి దాని తలుపు తీశాం.
లోపలి చెక్క మీద అమ్మమ్మ పెన్సిలు:
పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, తేదీలతో.
అందరికంటే కింద గ్విలిమ్ కోడిగీతలు:
"ఎలినెడ్ పోయింది. మంగళవారం.
గడియారం ఆమెది. వచ్చేదాకా కీ ఇవ్వాలి."

పోయింది.
ఏ అర్థంలో రాశాడో అడగడానికి
ఇప్పుడు ఆయనా లేడు.

ఇవాన్ మారు మాట్లాడలేదు, కోటు విప్పాడు.
తలవైపు నేను, కాళ్ళవైపు అతను,
వానలో మోసుకొస్తుంటే
లోపల గంట దానంతటదే ఒకసారి మోగింది.
రొట్టెల కొట్టావిడ టోపీ తీసింది, ఎవరు పోయారోనని.

మా వంటింట్లో నేల వాలు. నిలబెడితే నడవనంది.
నెరిస్ ఫీజు బిల్లు నాలుగు మడతలు పెట్టి
ఎడమ కాలి కింద దోపాను.
ఇప్పుడు నడుస్తోంది,
రోజుకి ఏడు నిమిషాలు వెనక.