లస్కరు కాలు

సూర్యారావుపేటలో మూడో అంతస్తు.
డాక్టర్ నఫీసా టేపు తీసి
ముందు మంచి పిక్క కొలిచింది,
తర్వాత నాది.
రెండూ నావేలెండి. కానీ ఎడమది
ఆర్నెల్లుగా పరాయిదానిలా ఉంటోంది.

గడ్డ కరిగిందన్నారుగా, అన్నాను.
"కరిగింది. దారి పాడుచేసి పోయింది."

సాయంత్రానికి బరువా? దురదా? రాత్రి పట్టేస్తుందా?
ఒక్కోదానికీ ఓ అంకె వేసుకుంది.
ఎముక మీద బొటనవేలు నొక్కి తీస్తే
తడిసిన గట్టు మీద మడమ గుర్తులా
గుంట, నింపాదిగా పూడింది.
చీలమండ పక్కన కాఫీరంగు మచ్చ.
మురికనుకుని ఇన్నాళ్లూ రుద్దుతూనే ఉన్నాను.

ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదట.
చీకటి గదిలో చల్లటి జెల్లు.
పిక్క పిసికి వదిలితే
హోరుమని పైకెళ్లిన నెత్తురు
మళ్లీ కిందికి.

ముప్పై రెండేళ్లు బందరు కాలవ మీద
షట్టర్లు ఎత్తి దించినవాణ్ణి.
నాచు పట్టిన తలుపు సగంలో ఆగితే
నీళ్లు చేసే చప్పుడు నాకు కొత్తా?

"మూసుకోవట్లేదమ్మా," అన్నాను,
ఆవిడ నోరు తెరిచే లోపే.
రాస్తున్న పెన్ను ఆగింది.

గ్రీజు పెట్టడానికి లేదా దానికి?
లేదట.
బిగుతు మేజోడు సైజు రాసిచ్చింది.