మూడు కత్తెర్లు

ఫారంలో పదిహేడో ప్రశ్న దగ్గర
వారం రోజులుగా ఆగిపోయి ఉన్నాను.
"మీ అమ్మగారు ఏం పని చేస్తారు?
మిమ్మల్ని ఏడాదిపాటు ఉంచుకునే కుటుంబానికి
అర్థమయ్యేలా రాయండి."

ఎట్లా రాసేది?
అమ్మ కొండమీద గుండ్లు గీస్తుంది.
కల్యాణకట్టలో, గట్టు మీద కూర్చొని
సగం బ్లేడు కత్తిలో బిగించి
ఎదురుగా వంగిన ఏ తలనైనా
నాలుగు నిమిషాల్లో నున్నగా చేసి లేపుతుంది.
"హెయిర్ డ్రెస్సర్ అని రాయవే, చాలు"
అన్నారు దాక్షాయణి మేడం.
రాశాను. కొట్టేశాను.
ఆ మాటలో తడి లేదు,
గుక్కపట్టిన పసిబిడ్డ నోట్లో అమ్మ పెట్టే
చక్కెర బిళ్ళ లేదు.

నేను పోయే ఊరు కొక్కొల.
ఫిన్లాండులో, సముద్రం పక్కన.
"కొక్కెరలుండే ఊరా?" అనింది అమ్మ.
ఉంటాయేమో.
అక్కడి మాటలు కూడా మన మాటల్లాగే
ఎక్కువగా అచ్చు మీదనే ఆగుతాయంట.
అంతమటుకు ధైర్యం.

మే నెల. పొద్దున పదికే తారు మెత్తబడే ఎండ.
గాంధీ రోడ్డులో ఉన్ని స్వెట్టరు అడిగితే
అంగడాయన నా మొహంకేసి, తర్వాత ఆకాశంకేసి చూశాడు.
అటక మీదనుంచి దుమ్ము దులిపి దించాడు,
మార్గశిరంలో కొండెక్కే ముసలోళ్ళ కోసం
తెచ్చిపెట్టిన సరుకు.
"మైనస్ ఇరవైకి ఆగుతుందా అన్నా?"
"మైనస్సు సంగతి నాకు తెలీదు పాపా,
కొండమీదైతే ఆగతాది."
రెండు కొన్నాం. బేరమాడి.

ఇక అవ్వ మొక్కు.
నన్ను ఎంపిక చేశారని తెలిసిన రోజే
ఎవురినీ అడక్కుండా
జీవకోన ఇంటి గడపలో నిలబడి
కొండకేసి దండం పెట్టేసింది:
"బిడ్డ తల నీకే సామీ."

తల నాది.
రెండు చెవులూ కనపడేలా దువ్విన జుట్టుతో
పాస్‌పోర్టులో ఉన్నదీ, వీసాకు చెన్నై పోయిందీ ఆ తలే.
గుండుతో దిగితే అది నేనేనని ఎవరు నమ్మాలి?
అసలు సంగతి అదీ కాదు.
తలుపు తీసి నన్ను తొలిసారి చూసేవాళ్ళ కళ్ళలో
అయ్యో, ఏం జబ్బో అన్న జాలి
నేను చూడలేను.

అవ్వ రెండు రోజులు పలకలేదు.
కంచంలో సంగటి ముద్ద పెట్టి
అటు తిరిగి కూర్చునేది.
మూడో రోజు అమ్మ తేల్చేసింది:
"గుండు వద్దు. మూడు కత్తెర్లు ఇస్తాది.
ఆడబిడ్డలకు అదీ మొక్కే.
సామి లెక్క నాకు తెలీదా,
ఇరవై ఏండ్లుగా జమ చేస్తా వుండేది నేనే గదా."

కొండ బస్సులో మలుపు మలుపుకీ
నిమ్మకాయ వాసన చూసుకుంటూ పోయాను.

ఏ తల దగ్గరా ఆగని చెయ్యి
నా జడ కొస పట్టుకొని ఆగింది.
పక్క గట్టు మీదనుంచి చెంగమ్మత్త
"ఏమే రత్నా, కత్తెర మొద్దుబారిందా?" అనింది.
ఒకటి.
రెండోదానికి అమ్మ ముక్కు ఎగబీల్చింది.
మూడోది ఎప్పుడు తెగిందో నాకు తెలియలేదు.

ఇక్కడి జుట్టు మూటలై, వేలమై
సముద్రాలు దాటుతుందని చిన్నప్పుడు చెప్పేది అమ్మ.
ఫారాలు లేవు, ప్రశ్నలు లేవు,
ఏ దేశంలో ఎవరి తలమీద కుదురుకుంటుందో.
నాకంటే ముందు నా జుట్టు పోతుందా అంటే నవ్వింది.
"మూడంగుళాల ముక్కలు యాడికీ పోవే,
పొడుగుండాల."

ఈ రాత్రి మళ్ళీ ఫారం తెరిచాను.
"మా అమ్మ, ముక్కూ మొహం తెలియని వాళ్ళ తలలు
చేతుల్లోకి తీసుకుంటుంది.
వాళ్ళు కళ్ళు మూసుకుంటారు.
కత్తి మెడదాకా వచ్చినా కదలరు."

పన్నెండు మాటలకు మించకూడదంట.
ఏవి తీసేయాలో అమ్మను అడుగుదామంటే
నైట్ షిఫ్టుకు పోయింది.