ఆకుపచ్చ సిరా

పొద్దుగాల తొమ్మిదిన్నరకు
మేడమ్ పెన్నుల ఆకుపచ్చ సిరా నింపుడు నా పని.
నీలిది కింది సెక్షన్లకు.
వీసీ సంతకమంటే పచ్చగుండాలె,
అది నేను పుట్టకముందు పెట్టిన కాయిదా.

ఏడుగురు వీసీలను జూసిన ఈ తలుపు కాడ.
ఒకాయన వాస్తు జూసి కుర్చీ తిప్పిండు,
ఒకాయన గోడకు తన ఫోటోనే కొట్టిచ్చుకున్నడు.
ఈమె వచ్చిన రోజు
సీదా రికార్డు రూముకు వోయి
దుమ్ముల నిలవడి గంటసేపు తుమ్మింది.

సువర్చల మేడమ్‌ది అలియాబాద్.
బాపు టెలిఫోన్ లైన్‌మన్.
పంతొమ్మిదేండ్లకే మున్సిపాలిటీల
జనన మరణాల సెక్షన్, జూనియర్ అసిస్టెంటు.
పగలంతా పుట్టినోళ్ల పేర్లు, పోయినోళ్ల పేర్లు రాసి
రాత్రి కాలేజీల ప్రభుత్వ పాలన సదివిందట.

"ఒకటే కిటికీ సాయిలూ.
లడ్డూల డబ్బతోని ఒకరు, కండ్లనీళ్లతోని ఒకరు.
ఇద్దరికీ రేపు రమ్మనేటోడు మా సూపరింటెండెంటు.
ఆ 'రేపు' మీదనే నా పీహెచ్‌డీ"
అని ఒకసారి నవ్వింది.

పైకొచ్చుడు కూడ మెట్లెక్కినట్టు గాదు,
కోఠి బస్సు ఎక్కినట్టు.
లెక్చరర్‌గ కొన్నేండ్లు ఫుట్‌బోర్డు మీద,
హెడ్డుగ, రిజిస్ట్రారుగ రాడ్డు వట్టుకొని,
సీటు దొరికేసరికి
దిగే స్టాపు దగ్గరవడ్డది.

"ఫైలు యాడ ఆగితే ఆడనే సర్కారున్నది,
మిగిలినయన్ని బోర్డులే"
అని క్లాసుల చెప్పేదట.
హాస్టల్ పిల్లలు గేటు మూసి ధర్నా జేసిన నాడు
మెట్ల మీద కూసొని
వాళ్ల వినతిపత్రంల తప్పులు దిద్దింది,
పన్నెండు డిమాండ్లకు నంబర్లు తనే ఏసింది.
వారం దిరిగేలోపల ఐదు అయినయి.
నీళ్ల ట్యాంకు అందుల మూడోది.

గని ఒక ఫైలున్నది.
ఔట్‌సోర్సింగ్ సిబ్బంది క్రమబద్ధీకరణ.
మెస్సుల వండేటోళ్లు, ఊడ్సేటోళ్లు, తోటమాలులు,
నూట పన్నెండు పేర్లు.
ఫైనాన్సు నుంచి రిజిస్ట్రారుకు,
ఆడికెంచి మేడమ్‌కు, మేడమ్ నుంచి సచివాలయానికి,
మోసింది నేనే.
వోయినప్పుడు అరకిలో,
వచ్చినప్పుడు రెండు కిలోలు.
మొదటి ఏడే మేడమ్ అంచుల రాసింది,
పచ్చగ, ఒకటే మాట:
"మాట్లాడండి."
ఎవలు మాట్లాడాల్నో రాయలే.
మూడేండ్లు ఎవలూ రాలే.
నేనైతే తలుపు బయటనే నిలవడ్డ.

ఆఖరి రోజు. మే నెల. నాలుగు ముప్పావు.
పుస్తకాలు అట్టపెట్టెలల్ల,
కారు తాళాలు బల్ల మీద.
మేడమ్ ఆ ఫైలు ఇప్పింది.
ఏలు జారుకుంట జారుకుంట
ఇరవై మూడో పేరు కాడ ఆగింది.
"గ్యార సాయిలు... నువ్వేనా?"
"ఔ మేడమ్."
"నీ ఫైలు నువ్వే మోసినవా ఇన్నేండ్లు?"
"మోసుడు నా డ్యూటీ మేడమ్."

ఏసీ సప్పుడు దప్ప ఏం లేదు.
జనం అర్జీల మీద పుస్తకాలు రాసిన మనిషి
అద్దాలు తీసి కొంగుతోని తుడిసింది,
మళ్ల తుడిసింది.

పెన్ను దీసింది. రాస్తలేదు.
ఆఖరి రోజు గద, ఏం సంతకాలుంటయని
పొద్దున నేను సిరా నింపలే.
సెయ్యి సాపింది.
హాజరు పట్టీల ఏసుకునే నా ఐదు రూపాయల పెన్ను
జేబుల కెంచి తీసిచ్చిన.
నిలవడే రాసింది, రెండు పేజీలు.
ఎర్ర నాడా తనే కట్టింది.

గేటు దాక పెట్టె నేను వట్టుకున్న.
తార్నాక మీదికెంచి బస్సెక్కింది.
సీటు దొరికిందో లేదో తెల్వదు.

ఇప్పుడా ఫైలు సచివాలయంల ఉన్నది.
నిన్న వోయిన.
వీసీ సంతకమైతే పచ్చగుండాలె గద,
ఈ నీలిది ఎవలదని అడిగిండ్రు.
నా పెన్ను జూపెట్టిన.
రేపు రమ్మన్నరు.