ఎదురుపోటు

సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా నిండలేదు.
రెండు ట్రాక్టర్లొస్తే గానీ కదలదట.
ఇంజను పెట్టె పక్కన ల్యాప్‌టాప్ తెరిచి
ఎండ పడకుండా చున్నీ కప్పుకున్నాను.
చున్నీ లోపల ఒక చిన్న రాత్రి.

ఆ రాత్రిలో ఒక మసక.
రోదసిలో దుర్భిణి రెండు రోజులు కన్నార్పకుండా చూస్తే
రాలినవి పన్నెండు వందల అరవై ఒక్క ఎక్స్‌రే రేణువులు.
రొయ్యపిల్లల్ని తెల్ల చిప్పలో పోసి
ఒక్కొక్కటే లెక్కపెట్టే హేచరీ కుర్రాళ్లలా
నేనూ, మూడు నెలలుగా.

"ఎక్స్‌రేనాండీ? ఎవరికి, టీబీయా?"
సరంగు ఓలేటి కొండలరావు తొంగి చూశాడు.
తన ఛాతీ ఫిల్ము ఎండకి పట్టి చూసుకున్నవాడు,
మచ్చలంటే ఏమిటో తెలిసినవాడు.

మనిషిది కాదన్నాను.
ఒక నక్షత్రం పేలి ఇరవై వేల ఏళ్లయింది.
లోపల మిగిలిన గింజ, పల్సార్ అంటాం,
సెకనుకి పదిసార్లు తిరుగుతూ
చుట్టూ గాలి ఊదుకుంది, బుడగలా.
పేలుడు బయటికి పోయి పోయి, దేనికో తగిలి,
అందులోంచి ఓ అల వెనక్కి తిరిగింది.
వచ్చి బుడగని నలిపేసింది.

ఆయన ఏటివైపు చూశాడు.
అంతర్వేది నుంచి పోటెక్కే వేళ.
గుర్రపుడెక్క ముద్దలు ముద్దలుగా
చించినాడ వైపు, ఎగువకి, నడిచిపోతోంది.

"ఇలాగాండీ?"
"ఆయ్. ఇలాగే."

"మరి గింజేదండీ ఇందులో?"

నలభై పేజీల్లో నేను సరిగ్గా చెప్పలేకపోయింది అదే.
గింజ మసక నడుమ లేదు.
ఓ పక్కకి, అంచున, సూదిమొనంత చుక్క.
చుక్క దగ్గర వెలుగు కరుకు.
దూరం పోయేకొద్దీ మెత్తబడి, చల్లారి,
ఇక ఎక్స్‌రే కంటికి ఆనదు.
అక్కణ్ణించి అవతల ఉన్నదంతా ముసలి వెలుగు,
రేడియోకి మాత్రమే తెలుస్తుంది.

కొండలరావు చెవి మీంచి బీడీ తీశాడు,
వెలిగించకుండా మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు.
"మా తాతది లంక భూమండి. ఏరు కోసేసింది.
పట్టా ఇప్పటికీ మా పేరునే ఉంది.
సర్వే రాయి ఉన్నచోట మూడు బారల లోతు."
కాసేపాగి,
"ఏరు పక్కకి జరిగిపోద్దండి.
రేవు పేరు మాత్రం పాత చోటే ఉండిపోద్ది."

ఆ మాట రాసుకోలేదు. రాస్తే రిఫరీ ఒప్పుకోడు.

ట్రాక్టరు ఒకటే వచ్చింది, కొబ్బరి పీచుతో.
అయినా కదిలాం.
నరసాపురం ఎదురుగానే కనిపిస్తున్నా
ఆయన ముక్కు సముద్రం వైపు తిప్పాడు,
పోటు ఎంత లాగుతుందో అంత ముందే ఇచ్చేసి.

నడి ఏట్లో బ్యాటరీ అయిపోయింది.
చున్నీ తీసేశాను. ఎంత ఎండో.
ఇప్పుడు ఎవరి చేను మీద ఉన్నామని అడిగాను.

వేలు చూపించాడు,
నీళ్ల మీదికే,
కొంచెం పక్కకి.