అవతలి కుర్చీ

పొద్దున పదింటికి ముసలి హత్సుయొ
షట్టరు సగమే ఎత్తేది.
వంగి దూరగలిగిన వాళ్లకే ఆట.
రాత్రంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికి
వేళ్లు నాని తెల్లబడ్డ నాకు
షిమొనొసెకిలో అదే సాయంత్రం.

రెండు మెషీన్లు, వీపుకి వీపు ఆనించి.
ఇవతల కూర్చుంటే అవతలి మొహం కనబడదు.
కనబడేదల్లా కింద, జానెడు సందులో,
తెల్ల రబ్బరు బూట్లు.
ఎడమ మడమ మీద సైకిల్ ట్యూబు అతుకు,
దాని పక్కన గోరంత చేప పొలుసు.

వంద యెన్ల బిళ్ల జారవిడిస్తే
తెర మీద మంచు కురిసేది.
నాది, పొడుగు కర్ర కొసన వంకీకత్తి తిప్పే సన్యాసిని.
అతనిది, కొడవలికి గొలుసు కట్టి విసిరే పడవవాడు.
బొమ్మలే.
దగ్గరికెళ్తే రంగు చుక్కలు, అంతే.
అయినా గొలుసు గాల్లోకి లేచిందంటే
నా మెడ దానంతటదే భుజాల్లోకి ముడుచుకునేది.

ఓడాను. నవంబరంతా ఓడాను.
అటునుంచి మాట లేదు, నవ్వు లేదు.
గెలిచిన ప్రతిసారీ ఓ చిన్న దగ్గు,
తప్పు చేసినవాడిలా.

ఆ ఆటలో ఓ తిరకాసుంది.
ఆయుధానికి ఆయుధం అడ్డుపడి ఇరుక్కుంటే
ఎవరు బటన్ ఎక్కువసార్లు బాదితే వాళ్లది పైచేయి.
రెండోవాళ్ల ఆయుధం ఎగిరి మంచులో దూరంగా గుచ్చుకుంటుంది.
ఇక వట్టి చేతులు.
నోట్లోంచి ఆవిరి, ఆవిరి, ఆవిరి.

అతను ఆగేవాడు.
నా కత్తి పడ్డప్పుడల్లా పడవవాడు
రెండడుగులు వెనక్కి వేసి నిలబడేవాడు,
నేను నడిచి వెళ్లి, వంగి, ఏరుకునేదాకా.
పైన గడియారం పదిహేడు, పదహారు, పదిహేను
అరిగిపోతూ ఉండేది.

ఒళ్లు మండింది నాకు.
జాలెవడిక్కావాలి?
అతని కొడవలి పడిన రోజున నేను ఆగలేదు.
ఏరుకోడానికి వంగినవాడి వీపు మీద నరికాను.
అదే నా మొదటి గెలుపు.
అవతల అదే దగ్గు.
బూట్లు కదల్లేదు.
ఇంకో బిళ్ల పడిన చప్పుడు.

ఫిబ్రవరిలో బూట్లు రాలేదు.
మార్చిలో అడిగాను, ఎవరతను అని.
"ఏమో. చిల్లర తడిగా ఇచ్చేవాడు" అంది హత్సుయొ,
గాజు తుడుస్తూ.
అవును, గెలిచినవాళ్లు మూడక్షరాలు రాసుకోవచ్చు.
అతను రాసుకోనేలేదు.
ఎ ఎ ఎ. ఎ ఎ ఎ.
మెషీను ముందే పెట్టి ఉంచినవి, కదపకుండా వదిలేశాడు.
రాత్రి ప్లగ్గు పీకితే అవీ పోయేవి.

ఏప్రిల్లో ఓ రోజు చుట్టూ తిరిగి వెళ్లి
అవతలి కుర్చీలో కూర్చున్నాను.
స్పాంజి ఒకవైపే కుంగి ఉంది.
కిందికి వంగితే, అదే సందు.
ఇన్నాళ్లూ అతనికి కనబడింది
బ్లీచింగ్ మరకల నా గుడ్డబూట్లన్నమాట.

బిళ్ల వేశాను. మంచు కురిసింది, నీలంగా.
ఆ పక్క తెరకి ఎరుపు లేదు.
గొట్టంలో ఎరుపు చచ్చి ఎన్నేళ్లయిందో.
సన్యాసిని పెదాలు బూడిదరంగు,
దీపాలు పచ్చన.
నేనతని వీపు మీద నరికినప్పుడు చిమ్మిందే, అది
అతనికి నీళ్లలా కనబడి ఉంటుంది.

అప్పుడే ఇవతల, అంటే నా పాత వైపు,
బడి ఎగ్గొట్టిన కుర్రాడెవడో కూర్చున్నాడు.
ఒక షూ లేసు ఊడి ఉంది.
వాడి కత్తి ఎగిరి పడింది.
నేను రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను.
పదిహేడు. పదహారు.
వాడు కత్తి వైపు చూడనైనా చూడలేదు.
వట్టి చేతులతో నా మీదికొచ్చి
తన్ని, తన్ని, మంచులో పడేశాడు.

గొంతులో ఏదో అడ్డం పడి దగ్గాను.
ఇంకో వంద యెన్లు వెతికాను జేబులో.
పొడి బిళ్లే దొరికింది.