మూడో ఆర్

గ్రిమ్స్‌బీలో, ఫ్రీమన్ స్ట్రీట్ చివర,
చేపల పెట్టెల మంచు కరిగి కాలవకట్టే చోట
ఆస్‌గర్బీ అచ్చుగది.
ముసలాయన అర లాగాడు:
వెల్లకిలా పడుకున్న కొయ్య పహిల్వాన్లు.

ఏం ఒళ్లు!
ఐ అంటే నా జబ్బంత దూలం.
ఓ కడుపులో అటూ ఇటూ చీకటి దట్టించి
నడుమ సన్నటి వెలుగు చీలిక,
సరిగా వేయని తలుపులా.
ఆ లావుల్ని కలిపేది వెంట్రుకవాసి గీత.
నూలుపోగు మీద దున్నపోతును నిలబెట్టారు.
అది పడదు. అదే దాని పొగరు.
కొన్నిటి వీపు మీద ద్రాక్షతీగ కూడా చెక్కారు,
సిరా ఎక్కువైతే ఆకులు పూడుకుపోతాయిట.

"ఇది చదువుకునే అక్షరం కాదమ్మా,
రోడ్డు అవతలి నుంచి చొక్కా పట్టుకు లాగేది.
దీంతో ఉత్తరం వేస్తే
అందుకున్నవాళ్లు చెవులు మూసుకుంటారు."
సర్కస్ ఏనుగు దిగినా, ఓడ వేలానికొచ్చినా,
బూట్ల కొట్టు దివాలా తీసినా
ఊరు ఈ బొజ్జల్నే పిలిచేదిట.
చావు కబురుకి మాత్రం పిలవలేదుట:
"ఏడ్చేవాళ్ల ముందు లావుగా నిలబడకూడదు."

నాది సర్కస్ కాదు.
మా పేట లైబ్రరీ మూసేస్తారట.
బుధవారాలు అక్కడ పిల్లలకి కథలు చదువుతాను.
'మన లైబ్రరీని కాపాడండి', అంతే,
వాళ్ల భాషలోనూ మూడే మాటలు.
వాల్టర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు.
మూడు ఆర్‌లు కావాలి. ఉన్నవి రెండు.
మూడోదాన్ని వాళ్ల నాన్న కాలంలో
సముద్రం లోపలికొచ్చి పట్టుకుపోయింది.

"'మన' తీసేద్దాం. అర్థం మారదు."

మారదా?
వాళ్ల మాటలో 'మా'కీ 'మన'కీ ఒకటే గొడుగు.
నేను ఏది అనుకుంటూ వచ్చానో
ఆయనకెలా చెప్పను?
'మీ ఊరు' నుంచి ఆ మాటదాకా రావడానికి
నాకు పదకొండేళ్లు పట్టింది.
ఆర్ లేదని వెనక్కి తీసుకెళ్లనా?

నా మొహం చూశాడో, గడియారం చూశాడో,
ఖాళీగా ఉన్న ఒక పీ తీశాడు.
పాత లినోలియం ముక్కలో కాలు కోశాడు.
తిరగేసి కోయడం మరిచి, తిట్టుకుని,
మళ్లీ కోశాడు.
జిగురు. కింద ఎత్తుకి రెండు సిగరెట్ కాగితాలు.
రోలర్ దొర్లింది. కాగితం లేచింది,
తడి నలుపు వాసనతో.

ఇప్పుడు చేపల కొట్టు అద్దం మీద,
మంగలి షాపులో, బస్టాపులో అదే.
దూరానికి బలిసిన నలుపు, వీధంతా ఒకే అరుపు.
దగ్గరికొస్తే 'మన' కొద్దిగా కుంటుతుంది.

"దాని కాలు విరిగిందా?" బస్సు దిగిన పిల్లాడు అడిగాడు.
లేదురా, కొత్తగా మొలిచింది.

రాత్రి వానకి బస్టాపు పోస్టరు ఉబ్బింది.
అక్షరాలు ఇంకాస్త లావెక్కాయి.